కాంతికి యాంటెన్నా కట్టిన కథ

1928 ఏప్రిల్‌లో డబ్లిన్ నుంచి ఐన్‌స్టీన్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. రాసినాయన ఎడ్వర్డ్ హచిన్సన్ సింజ్. ఆయనకు డిగ్రీ లేదు. ట్రినిటీ కాలేజీలో చేరి మధ్యలోనే మానేశాడు. ఏ ప్రయోగశాలలోనూ కొలువు లేదు. పేరుమోసిన ఐరిష్ నాటకకర్త జాన్ మిలింగ్టన్ సింజ్ ఆయనకు చిన్నాన్న. ఆ చిన్నాన్న వైపు నుంచి వచ్చిన ఆస్తి ఉండడంతో ఇంటి పట్టునే ఉండి, ఒంటరిగా చదువుకుంటూ, లెక్కలు వేసుకుంటూ గడిపేవాడు.

ఉత్తరంలో ఆయన ఎత్తుకున్నది సూక్ష్మదర్శినికి సంబంధించిన పాత చిక్కు. అద్దాలు ఎంత నునుపుగా అరగదీసినా, కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కంటే చిన్న వివరాన్ని మామూలు సూక్ష్మదర్శిని చూపలేదు. ఈ హద్దును 1873లోనే జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ అబ్బే తేల్చి చెప్పాడు. సింజ్ దీనికొక దారి ఊహించాడు. చూడాల్సిన వస్తువుకు అతి దగ్గరగా, దాదాపు ఆనుకుని, ఒక చిన్న బంగారు రేణువును ఉంచాలి. దాని మీద కాంతి పడితే, రేణువు ఆ కాంతిని తన చుట్టూ ఉన్న ఇరుకు చోటులోకి వెదజల్లుతుంది. రేణువును చుక్క చుక్కకూ జరుపుకుంటూ పోతే బొమ్మ తయారవుతుంది.

ఐన్‌స్టీన్ జవాబు రాశాడు. ఈ పద్ధతి పనికిరాదనీ, రేణువుకు బదులు అతి చిన్న రంధ్రం గుండా కాంతిని పంపడం మేలనీ సూచించాడు. తనకు మొదట తోచింది కూడా రంధ్రమేనని సింజ్ తిరిగి రాశాడు. ఐన్‌స్టీన్ ప్రోత్సాహంతో అదే ఏడాది ఫిలసాఫికల్ మ్యాగజీన్‌లో రంధ్రం పద్ధతి మీద వ్యాసం అచ్చయింది. బంగారు రేణువు మాత్రం ఉత్తరంలోనే ఉండిపోయింది.

నన్నడిగితే, కాంతికి యాంటెన్నా కట్టవచ్చన్న మొదటి ఆలోచన ఆ ఉత్తరంలోని బంగారు రేణువే. యాంటెన్నా చేసే పనులు రెండే. విశాలంగా వ్యాపించి వచ్చే తరంగాన్ని పట్టి ఒక చిన్న చోటికి చేర్చడం ఒకటి. చిన్న చోటున ఉన్న శక్తిని తరంగంగా మార్చి బయటికి పంపడం రెండోది. సింజ్ రేణువు ఈ రెండూ చేస్తుంది. ఆ మాట ఆయన వాడలేదంతే. 1936 నుంచి మానసిక అనారోగ్యంతో సింజ్ ఒక నర్సింగ్ హోమ్‌లో ఉండిపోయి, 1957లో కన్నుమూశాడు. ఆయన చెప్పిన రంధ్రం సూక్ష్మదర్శినిని దృశ్యకాంతితో పనిచేయించి జూరిక్ ఐబీఎం ప్రయోగశాలలో డీటర్ పోల్ బృందం 1984లో ప్రకటించింది. అప్పటికి వాళ్లకు సింజ్ పేరు కూడా తెలియదు. ఇంత ముందుచూపు ఉన్న మనిషిని ఆయన కాలం గుర్తించకపోవడం ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించే సంగతి.

అసలు యాంటెన్నా పుట్టింది సింజ్ ఉత్తరానికి నలభై ఏళ్ల ముందు. జర్మనీలోని కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్‌లో 1886-88 మధ్య హైన్‌రిష్ హెర్ట్జ్ రెండు లోహపు కడ్డీలను కొస నుంచి కొస వరుసగా పెట్టి, మధ్య చిన్న ఖాళీ వదిలి, అందులో విద్యుత్ రవ్వలు పుట్టించాడు. దూరంగా ఉంచిన మరో తీగ ఖాళీలో చిన్న రవ్వ మెరిసింది. నడుమ ఏ తీగా లేదు. మాక్స్‌వెల్ కాగితం మీద చెప్పిన విద్యుదయస్కాంత తరంగాలు అలా ప్రయోగంలో దొరికాయి. ఇవి కాంతికి స్వయానా తోబుట్టువులని చూపించడం హెర్ట్జ్ పట్టుదల. అందుకే వాటిని లోహపు అద్దాలతో పరావర్తనం చేయించాడు. ఒకటిన్నర మీటర్ల ఎత్తున తారుతో పట్టకం పోత పోసి, దాని గుండా పంపి వాటిని వంచి చూపాడు. 1888 నాటి ఆ ప్రయోగాల్లో ఆయన తరంగదైర్ఘ్యం సుమారు 66 సెంటీమీటర్లు.

దాన్ని ఇంకా కిందికి దించిన ఘనత మన దేశానిది. 1895 నాటికి కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ కొన్ని మిల్లీమీటర్ల తరంగాలు పుట్టించాడు, కొమ్ము ఆకారపు యాంటెన్నాలతో వాటిని పంపాడు, పట్టాడు. 1898లో ఆయన అచ్చువేసిన ఒక పరిశోధనలో, మెలితిప్పిన జనపనార కట్టల గుండా తరంగాన్ని పంపితే దాని కంపన దిశ తిరుగుతుందని చూపాడు. పదార్థం లోపలి అమరికతో తరంగాన్ని మన ఇష్టానికి తిప్పవచ్చన్న ఆ చూపు ఇవాళ్టి నానో ఆప్టిక్స్‌కు బాగా దగ్గరది.

మీటర్ల నుంచి మిల్లీమీటర్లకు పదేళ్లలోపే వచ్చేశాం. మిల్లీమీటర్ల నుంచి కాంతి దాకా రావడానికి మరో నూటపదేళ్లు ఎందుకు పట్టింది?

ఒక కారణం సులువుగానే తోస్తుంది. యాంటెన్నా పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉండాలన్నది ఇంజనీరింగ్ పిల్లలకు మొదట నేర్పే నియమం. ఎఫ్ఎం రేడియో తరంగం మూడు మీటర్లుంటే యాంటెన్నా ఒకటిన్నర మీటరు. 700 నానోమీటర్ల ఎర్ర కాంతికి అదే నియమం వాడితే యాంటెన్నా 350 నానోమీటర్లు ఉండాలి. అలాంటివి ఒక వెంట్రుక మందంలో రెండు వందలకు పైగా పడతాయి. అంత చిన్న కడ్డీలను కోరిన కొలతకు కోయడం ఎలక్ట్రాన్ పుంజంతో గీసే పద్ధతీ, అయాన్ పుంజంతో చెక్కే పద్ధతీ చేతికి వచ్చేదాకా కుదిరే పని కాదు. 1959 డిసెంబరులో కాల్‌టెక్‌లో చేసిన సుప్రసిద్ధ ప్రసంగంలో రిచర్డ్ ఫైన్‌మన్, రేడియో తరంగాలను పంపినట్టే యాంటెన్నాల వరుసతో కాంతిని పంపవచ్చా అని అడిగాడు. ప్రశ్న సరైనదే. దానికి తగిన పనిముట్లే అప్పటికి లేవు.

రెండో కారణం లోహంలోనే దాగి ఉంది. కథలో లోతైన భాగం ఇదే. రేడియో తరంగం దృష్టిలో లోహం దాదాపు నిర్దోషమైన వాహకం. తరంగం ఎటు ఊపితే ఎలక్ట్రాన్లు అటు కదులుతాయి, ఆలస్యం ఉండదు. కాంతి అయితే సెకనుకు నాలుగైదు కోట్ల కోట్ల సార్లు ఊగుతుంది. ఎలక్ట్రాన్‌కూ జడత్వం ఉంది కదా, ఆ వేగంతో వెంటవెంటనే దిశ మార్చుకోలేక వెనకబడుతుంది. దాంతో కాంతి బంగారం పైపొరలోనే ఆగకుండా కొన్ని పదుల నానోమీటర్లు లోపలికి దిగుతుంది. కడ్డీ మందమే నలభై యాభై నానోమీటర్లయితే, అందులోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి మూకుమ్మడిగా ఊగుతాయి. ఈ సామూహిక ఊగిసలాటకే ప్లాస్మాన్ అని పేరు. రేడియో పుస్తకంలోని నియమం ఇక్కడ తప్పుతుంది.

తప్పుతుందని తెలియకముందే దాని ఫలితాన్ని రసాయన శాస్త్రజ్ఞులు చూశారు. 1974లో సౌతాంప్టన్‌లో మార్టిన్ ఫ్లైష్‌మన్ బృందం గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అణువులను ఉంచి రామన్ సంకేతాన్ని, అంటే అణువులు రంగు మార్చి వెదజల్లే బలహీనమైన కాంతిని, కొలిచింది. అది చాలా బలంగా వచ్చింది. 1977లో అమెరికాలో రిచర్డ్ వాన్ డైన్ తదితరులు, ఈ బలం అణువుల సంఖ్య పెరగడం వల్ల వచ్చింది కాదనీ, ఒక్కో అణువు సంకేతమే లక్షల రెట్లు పెరుగుతోందనీ గుర్తించారు. వెండి మీది సూక్ష్మమైన గరుకులు కాంతిని పట్టి, అణువు ఉన్న చోట కుదించి, అణువు నుంచి తిరిగి వచ్చే కాంతిని బయటికి పంపుతున్నాయి. ఎవరూ కట్టని యాంటెన్నాలవి. రామన్ ప్రభావం తెలుగు నేలకు పరాయిది కాదు. రామన్ శిష్యుడు సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంటూ ఆ విషయం మీద రాసిన గ్రంథం 1940లో వెలువడింది. ఆయన తరం ఎంతో ఓపికతో పట్టుకున్న ఆ బలహీన సంకేతాన్ని, ముప్పైనాలుగేళ్ల తర్వాత ఒక గరుకు వెండి ముక్క అమాంతం పెంచి చూపింది.

కావాలని, కొలత చూసుకుని కాంతి యాంటెన్నా కట్టినది స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ బృందం. పీటర్ మ్యూల్‌ష్లెగెల్, బెర్ట్ హెక్ట్, వారితో పాటు ఐబీఎంలో సూక్ష్మదర్శిని చేసిన అదే డీటర్ పోల్. గాజు మీద బంగారంతో రెండేసి కడ్డీలు కొస నుంచి కొస పేర్చి, నడుమ సుమారు ఇరవై నానోమీటర్ల ఖాళీ వదిలారు. ఆకారం అచ్చంగా హెర్ట్జ్ చేసిందే. మొత్తం పొడవును 190 నుంచి 400 నానోమీటర్ల దాకా మారుస్తూ ఎన్నో జతలు కట్టి, ఒక్కొక్కదాని మీద 830 నానోమీటర్ల లేజర్ కాంతిని పడేశారు. పొడవు సరిగ్గా కుదిరిన జత ఖాళీలో కాంతి ఎంత గట్టిగా పోగయిందంటే, అక్కడి నుంచి లేజర్‌లో లేని రంగులన్నీ కలిసిన తెల్ల వెలుగు వచ్చింది. హెర్ట్జ్ ఖాళీలో రవ్వ మెరిస్తే, వీళ్ల ఖాళీలో తెల్ల వెలుగు మెరిసింది. ఈ ఫలితం 2005 జూన్‌లో సైన్స్ పత్రికలో వచ్చింది. 1888 నాటి 66 సెంటీమీటర్లతో పోలిస్తే ఆ లేజర్ తరంగం దాదాపు ఎనిమిది లక్షల రెట్లు చిన్నది.

రేడియో పుస్తకం ప్రకారమైతే ఆ వెలుగు గరిష్ఠం 415 నానోమీటర్ల పొడవు దగ్గర రావాలి. వచ్చింది 250 చుట్టుపక్కల. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో లుకాస్ నొవొట్నీ 2007లో దీనికి లెక్క కట్టి ఇచ్చాడు. బంగారు కడ్డీ వెంట నడిచే తరంగం బయటి కాంతి కంటే పొట్టిదవుతుంది. ఎంత పొట్టిదన్నది లోహాన్నీ, కడ్డీ మందాన్నీ బట్టి ఉంటుంది. మామూలుగా రెండు నుంచి ఆరు రెట్లు. ఆ పొట్టి తరంగాన్ని లెక్కలోకి తీసుకుంటే రేడియో ఇంజనీర్ల పాత నియమాలు మళ్లీ పనికొస్తాయి. ఇది చిన్న సూత్రమే గానీ, దీని తర్వాతే నానో యాంటెన్నాల రూపకల్పన ఊహ నుంచి ఇంజనీరింగ్‌లోకి అడుగుపెట్టిందని నా అభిప్రాయం.

వెంటనే గుర్తొచ్చేది మన మేడల మీది యాంటెన్నా. దూరదర్శన్ రోజుల్లో చేప ముల్లులా అడ్డపుల్లలతో ఊరూరా కనిపించిన ఆ యాంటెన్నాను 1926లో జపాన్‌లోని సెండాయ్‌లో షింతారో ఉడా, హిదెత్సుగు యాగి లోకానికి తెలియజేశారు. యాగి పేరు ముందుకు వచ్చినా ప్రయోగాల్లో ఎక్కువ కష్టం ఉడాదే. స్వదేశంలో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్ సైన్యం చేజిక్కించుకున్న బ్రిటిష్ రాడార్ కాగితాల్లో యాగి అన్న మాట కనిపిస్తే, అదేమిటో వాళ్లకు అర్థం కాలేదట. అది మీ దేశస్థుడి పేరే అని బందీగా ఉన్న బ్రిటిష్ సైనికుడు చెప్పాల్సి వచ్చిందట. ఉడా ఆ తర్వాత 1955 నుంచి 1958 వరకు యునెస్కో తరఫున న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశాడు. మన మేడలెక్కిన యాంటెన్నా తండ్రి మన దేశంలో మూడేళ్లు ఉన్నాడన్న మాట.

ఆ యాగి-ఉడా యాంటెన్నానే 2010లో బంగారంతో, కాంతి కొలతలో కట్టారు. హిరోషిమా విశ్వవిద్యాలయంలో యుటాకా కడోయా, హోల్గర్ హాఫ్‌మన్ బృందం ఒకటి. బార్సిలోనాలో నీక్ వాన్ హల్స్ట్ బృందం రెండోది. బార్సిలోనా వాళ్లు అయిదు బంగారు పుల్లల్లో ఒకదాని కొసన క్వాంటమ్ డాట్‌ను, అంటే వెలుగు చిమ్మే అతి చిన్న రేణువును, పెట్టారు. మామూలుగా ఎటుబడితే అటు వెలుగు చిమ్మే ఆ డాట్, యాంటెన్నా చెప్పిన వైపుకే చిమ్మింది. టీవీ స్టేషన్ వైపు తిప్పి పెట్టిన మేడ మీది పుల్లల నియమం వెంట్రుక మందంలో వందో వంతు చోటున పనిచేసింది.

ఈ చిన్న యాంటెన్నాలకు ఒక పని కంప్యూటర్ చిప్‌లో కనిపిస్తోంది. రెండిటికీ ఏమిటి సంబంధం? చిప్‌లో ట్రాన్సిస్టర్ల కంటే ఎక్కువ చిక్కు తీగలది. పెద్ద చిప్‌లో ఇవాళ వేల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటున్నాయి. వాటిని కలిపే లోహపు తీగలు పదికి పైగా అంతస్తుల్లో అల్లుకుని ఉంటాయి. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ చురుకవుతుంది. తీగ సన్నబడే కొద్దీ నిరోధం పెరిగి మందగిస్తుంది. 1997లో ఐబీఎం అల్యూమినియం వదిలి రాగి తీగలకు మారింది. కొన్నేళ్లు ఊపిరి పీల్చుకున్నారు, తర్వాత రాగి కూడా సన్నబడింది. తీగలకు బదులు కాంతి వాడదామని 1984లోనే జోసెఫ్ గుడ్‌మన్, రవీంద్ర అథాలే సహా నలుగురు రాసిన వ్యాసం ఒక కొత్త పరిశోధనా రంగానికి పునాది వేసింది. 2002లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కెన్నెత్ ఓ బృందం రేడియో పద్ధతినే చిప్ మీదికి తెచ్చి, 15 గిగాహెర్ట్జ్ తరంగంతో చిప్ లోపలే వైర్‌లెస్ సంకేతం పంపింది. పని జరిగింది. కానీ యాంటెన్నా పొడవు రెండు మిల్లీమీటర్లు. చిప్ మీద అది పెద్ద స్థలం. యాంటెన్నా చిన్నది కావాలంటే తరంగమూ చిన్నది కావాలి, అంటే కాంతి దాకా దిగాలి.

బంగారంతో సన్నని కాంతి తీగలే వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వేశారు కూడా. అక్కడ అడ్డు తగిలింది మళ్లీ లోహమే. ప్లాస్మాన్ నడుస్తున్న కొద్దీ ఎలక్ట్రాన్ల రాపిడికి వేడిగా మారి చచ్చిపోతుంది. ప్రతి పది మైక్రోమీటర్లకూ సంకేతం సగమవుతుందనుకోండి. ఇరవైకి పావు, ముప్పైకి అరపావు, వంద మైక్రోమీటర్లు చేరేసరికి వెయ్యో వంతు కూడా మిగలదు. ఖాళీలో వెళ్లే తరంగం తీరు వేరు. అది విస్తరిస్తుంది గానీ దారిలో చావదు. దూరం పది రెట్లయితే దాని బలం వందో వంతవుతుంది. మొదట్లో తీగదే పైచేయి, కొంత దూరం దాటాక ఖాళీదే గెలుపు. ఈ లెక్కను 2010లో ఆండ్రియా అలూ, నాదెర్ ఎంగెటా స్పష్టంగా వేసి చూపించారు. వాళ్ల ప్రతిపాదన ప్రకారం తీగ చివర ఒక నానో యాంటెన్నా, ఎదురుగా మరొకటి. అయితే టీవీ యాంటెన్నాకూ కేబుల్‌కూ ఇంపిడెన్స్, అంటే తరంగానికి ఎదురయ్యే అడ్డు, కుదరాల్సినట్టే ఇక్కడా కుదరాలి, లేకపోతే శక్తి వెనక్కి కొడుతుంది. యాంటెన్నా ఖాళీలో తగిన పదార్థాన్ని నింపి ఆ పొత్తు కుదర్చవచ్చని వాళ్లు చెప్పారు. ఒకే లోహపు నష్టం తీగను ఓడించి యాంటెన్నాను గెలిపించడం నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చే మలుపు.

ప్రయోగంలో చూపడానికి నాలుగేళ్లు పట్టింది. 2014లో స్టుట్‌గార్ట్‌లో డేనియల్ డ్రెగెలీ, హరాల్డ్ గీసెన్ బృందం, ఎంగెటాతో కలిసి, ఒక నానో యాంటెన్నా నుంచి వెలువడే కాంతిని చుట్టూ ఉంచిన అతి చిన్న ప్రతిదీప్తి గ్రాహకాలతో కొలిచింది. లోపలికి పంపే లేజర్ తరంగాన్ని సవరిస్తూ, వెలువడే పుంజాన్ని 29 డిగ్రీల మేర తిప్పగలిగింది. ఒకే ప్రసారిణి నుంచి, కోరిన గ్రాహకానికి. 2015లో బెర్ట్ హెక్ట్, ఈసారి వ్యూర్ట్‌స్‌బర్గ్ నుంచి, లేజర్ అవసరం లేకుండా కరెంటుతోనే వెలిగే బంగారు యాంటెన్నాను చూపాడు. ఖాళీ ఎంత ఇరుకంటే ఎలక్ట్రాన్లు దాన్ని క్వాంటమ్ పద్ధతిలో దూరి దాటుతూ కాంతిని పుట్టిస్తాయి. 2016లో బోస్టన్ కాలేజీలో మైఖేల్ నాటన్ బృందం, ప్లాస్మాన్‌ను కంటికి కనిపించే కాంతిగా మార్చి, ఉపరితలం వెంటే పంపి, అవతలి యాంటెన్నాలో తిరిగి ప్లాస్మాన్‌గా పట్టింది.

ఈ దూరాలన్నీ మైక్రోమీటర్ల లెక్కలోవి. దారిని మిల్లీమీటర్లకు పెంచింది బంగారం కాదు, చిప్ పుట్టిన సిలికానే. సిలికాన్‌కు టెలికాం తరంగాల దగ్గర లోహంలో ఉన్నంత నష్టం లేదు. ఎంఐటీ వారు 2013లో 1,550 నానోమీటర్ల కాంతికి 64 వరుసలు, 64 నిలువులుగా 4,096 నానో యాంటెన్నాలను చిప్ మీద పేర్చి, అన్నిటి తరంగాలనూ కలిపి గాలిలో తమ సంస్థ అక్షరాలను కాంతితో రాశారు. ఫైన్‌మన్ అడిగిన యాంటెన్నాల వరుస అదే. 2017లో స్పెయిన్‌లోని వలెన్సియా పరిశోధకులు సిలికాన్ నానో యాంటెన్నాల మధ్య మిల్లీమీటర్ల స్థాయి ఖాళీ గుండా, తీగ లేకుండా, సెకనుకు 160 గిగాబిట్ల వేగంతో సమాచారం పంపి చూపించారు.

మీరు కొనే ఏ కంప్యూటర్ చిప్‌లోనూ ఇవాళ్టికి ఇలాంటి కాంతి వైర్‌లెస్ లేదు. ఇది నిజం, దాచి చెప్పడంలో అర్థం లేదు. చిప్ అంచు దాకా కాంతి వస్తోంది గానీ అది కూడా ఫైబర్‌లోనే వస్తోంది. చిప్ లోపల కాంతి తీగ వదిలి ఎగిరే రోజు వస్తే, దూరం మోసేది సిలికాన్ అవుతుందనీ, బంగారం మొదటి కొసనా చివరి కొసనా, కాంతినీ ఎలక్ట్రాన్‌నూ కలిపే కొన్ని నానోమీటర్ల చోట నిలబడుతుందనీ నా అంచనా.

మన రెండు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు యాంటెన్నాల పాఠం ఒక సెమిస్టర్‌లో, లోహాల భౌతిక శాస్త్రం మరో సెమిస్టర్‌లో వస్తాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చదవమని వాళ్లకు నా విన్నపం. చేతులతో చేసి చూడాలని ఉంటే, బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి వంటి చోట్ల ఉన్న నానో తయారీ కేంద్రాలు, కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే ఐఎన్‌యూపీ కార్యక్రమం కింద బయటి కాలేజీల విద్యార్థులకూ, అధ్యాపకులకూ తమ యంత్రాల మీద శిక్షణ, పనిచేసే అవకాశం ఇస్తున్నాయి. దరఖాస్తు పెట్టుకోండి.